ఆవిరితో కలప వంచి శిల్పం చేయడం: బెంగళూరులో మొదలుపెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

కలపను చెక్కి బొమ్మలు చేయడం మనకు కొత్త కాదు. కొండపల్లిలో తెల్లపొణికి, ఏటికొప్పాకలో అంకుడు కర్ర, బెంగళూరుకు 60 కిలోమీటర్ల దూరంలో ఉన్న చన్నపట్టణలోనూ అదే అంకుడు కర్ర. ఈ పనులన్నిటిలోనూ అక్కర్లేని చెక్కను తీసేసి కావలసిన రూపాన్ని మిగుల్చుకుంటారు. వంచి చేసే శిల్పం దారి వేరు. ఇందులో తీసేసేది చాలా తక్కువ. ఒకే బద్ద, నార ఎక్కడా తెగకుండా, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒంపులు తిరుగుతూ పోతుంది. అదే ఒంపును వెడల్పు పలకలోంచి రంపంతో కోసి తీస్తే మధ్యలో ఎక్కడో నార అడ్డంగా తెగుతుంది, చిన్న దెబ్బకే అక్కడ విరుగుతుంది. వంచిన బద్ద సన్నగా ఉన్నా బలంగా ఉంటుంది. అందుకే దాంతో మనిషెత్తు శిల్పాన్ని కూడా తేలిగ్గా నిలబెట్టవచ్చు.

అనంతపురం, చిత్తూరు జిల్లాల నుంచి వచ్చి బెంగళూరులో ఇంటీరియర్ పనులు చేసుకునే మన వడ్రంగులు చాలామంది ఉన్నారు. వాళ్ల చేతిలో ఉలి, చిత్రిక ఎలాగూ ఉన్నాయి, లేనిది ఆవిరి పెట్టె ఒక్కటే. వాళ్లకోసం, ఆఫీసు పని అయ్యాక బాల్కనీలోనో అద్దె షెడ్‌లోనో చెక్కపని చేసుకునేవాళ్లకోసం ఇది రాస్తున్నాను. మొదటి శిల్పంగా ఒక చిన్న పని పెట్టుకుందాం: ఆరడుగుల పొడవు, 30 మిల్లీమీటర్ల వెడల్పు, 8 మిల్లీమీటర్ల మందం ఉన్న ఐదు బద్దలు ఒకే దిమ్మ నుంచి లేచి, ఒంపు తిరిగి, మెలి తిరిగి, పైన ఒకదాన్నొకటి తాకుతూ నిలబడాలి. ఇది చేయగలిగితే మిగతావన్నీ దీనికి పొడిగింపులే.

వంపు వెనక ఉన్న లెక్క

25 మిల్లీమీటర్ల మందం ఉన్న బద్దను అర్ధవృత్తంగా వంచారనుకోండి. అప్పుడు బయటి అంచు లోపలి అంచు కన్నా దాదాపు 78 మిల్లీమీటర్లు ఎక్కువ పొడవు ఉండాలి. అర్ధవృత్తం పెద్దదైనా చిన్నదైనా ఈ తేడా మారదు. పెద్దదాంట్లో ఆ 78 మిల్లీమీటర్లు బారెడు పొడవు మీద పంచుకుంటాయి, చిన్నదాంట్లో జానెడు మీదే పడతాయి. ఇరుకు ఒంపులు విరిగేది అందుకే.

ఈ తేడా ఎక్కడి నుంచి రావాలి? బయటి వైపు సాగాలి, లేదంటే లోపలి వైపు నలిగి కుదించుకోవాలి. కలప సాగదు. ఎంత ఆవిరి పట్టినా నార వెంట 1, 2 శాతం సాగేసరికి చిట్లుతుంది. నలగడం మాత్రం చక్కగా నలుగుతుంది. నార పోగుల్ని ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం, తేమతో కలిసి 100 డిగ్రీల దగ్గరకు వేడెక్కితే మెత్తబడుతుంది. ఆ స్థితిలో మంచి కలప నార వెంట పాతిక శాతం దాకా కుదించుకోగలదు. చల్లారి ఆరాక లిగ్నిన్ మళ్లీ బిగుసుకుని కొత్త ఆకారాన్ని పట్టి ఉంచుతుంది.

అంటే మనం చేసే పనంతా లోపలి వైపును పద్ధతిగా నొక్కడమే. బయటి వైపును ఎంత తక్కువ సాగనిస్తే అంత మంచిది. కలప ఎంచుకోవడం, బద్దకు లోహపు పట్టా బిగించడం, విరిగిన ముక్కను చూసి కారణం చెప్పడం, అన్నీ ఈ ఒక్క సంగతి నుంచే వస్తాయి.

జర్మనీలో పుట్టి వియన్నాలో స్థిరపడ్డ మైకేల్ థోనెట్ దీన్ని పూర్తిగా పట్టుకున్నాడు. బద్ద బయటి వైపు లోహపు పట్టా పెట్టి, రెండు చివరలా కదలకుండా బిగించి, పట్టాతో సహా వంచాడు. పట్టా సాగదు కనక దాన్ని అంటుకుని ఉన్న చెక్కా సాగదు, తేడా అంతా లోపలి వైపు నలగడంలోనే సర్దుకుంటుంది. 1859లో వచ్చిన ఆయన 14వ నంబరు కుర్చీని బీచ్ కలపతో ఇలాగే చేశారు. ఆ పట్టాను మనం ఇప్పటికీ వాడుతున్నాం.

కలప ఎంచుకోవడం

సగం పని ఇక్కడే తేలిపోతుంది, తొందరపడకండి.

ఆవిరికి బాగా లొంగేవి యాష్, బీచ్, ఓక్, ఎల్మ్. యాష్, బీచ్ దిగుమతి పలకలు మైసూరు రోడ్డులో టింబర్ యార్డ్ లేఅవుట్ వైపు డిపోల్లో అడిగి చూడండి. చిక్కల్లా అవి బట్టీలో ఎండబెట్టి వస్తాయి. పొడి వేడికి ఒకసారి బిగుసుకున్న లిగ్నిన్ తర్వాత ఆవిరికి అంతగా మెత్తబడదు. వంచడానికి గాలికి ఆరిన కలప కావాలి, అందులో తేమ 20 నుంచి 25 శాతం ఉండాలి. తేమ మీటర్ ఒకటి కొనుక్కోండి, ఈ పనిలో అది ఖర్చు కింద లెక్కకాదు. 30 శాతం దాటిన పచ్చి కలపా మంచిది కాదు. కణాల్లో నిండి ఉన్న నీరు వంచేటప్పుడు బయటికి పోయే దారి లేక చెక్కను లోపల్నుంచే పగలగొడుతుంది. బట్టీలో ఎండిన పలక తప్ప వేరే దారి లేకపోతే ముందు 8 మిల్లీమీటర్ల బద్దలుగా కోసి, నాలుగైదు రోజులు నీళ్లలో ముంచి ఉంచండి. అది గాలికి ఆరిన కలపతో సమానం కాదు కానీ పెద్ద ఒంపులకు పనికొస్తుంది.

మన దగ్గర దొరికేవాటిలో టేకు ఓ మోస్తరుగా వంగుతుంది. ఇరుకు ఒంపులు అడగకండి, అది ఇవ్వదు. మల్బరీ బాగా వంగే జాతి. జలంధర్, మీరట్‌లలో హాకీ కర్రల వంకీకి మల్బరీనే ఆవిరి పట్టి వంచేవారు. రామనగర చుట్టూ పట్టుపురుగుల కోసం పెంచే మల్బరీని పొదగా ఉన్నప్పుడే కొట్టేస్తారు కనక చెట్టుగా ఎదిగిన మాను కోసం వెతకాలి. కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటల్లో నీడ కోసం, మిరియాల తీగ పాకడం కోసం సిల్వర్ ఓక్ పెంచుతారు. దాన్ని కొత్తగా కోసిన దుంగల నుంచి అడిగి తీసుకోవచ్చు. అయితే ఏ స్థానిక కలపైనా ముందు పరీక్ష ముక్క వంచి చూడకుండా ఎక్కువ కొనవద్దు. జాతి ఏదో అనుమానంగా ఉంటే మల్లేశ్వరం 18వ క్రాస్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వుడ్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఉంది. కలప మీద పరిశోధన చేసే చోటు అది, వెళ్లి అడగండి.

జాతి కన్నా ముఖ్యం నార తీరు. పలకను పక్క అంచు నుంచి చూడండి. గ్రెయిన్ గీతలు పలక పొడవుకు సమాంతరంగా పోవాలి. 15 అంగుళాల పొడవులో ఒక అంగుళం కన్నా ఎక్కువ పక్కకు జరిగితే ఆ బద్ద ఒంపుకు పనికిరాదు. ఎందుకంటే అక్కడ నార బయటి ముఖం మీదికి వచ్చి తెగుతుంది, వంచగానే ఆ చివర నుంచే పొర లేస్తుంది. కంటికి ఆనకపోతే చిత్రిక పట్టిన ముఖం మీద ఒక చుక్క పెన్ ఇంకు వేయండి, అది నార వెంటే పాకి దిక్కు చూపిస్తుంది. ముడి ఉన్న బద్దను నిటారు భాగానికి దాచుకోండి.

అన్నిటికన్నా మంచిది చీల్చిన బద్ద. మేదరులు వెదురును కత్తితో చీలుస్తారు, రంపంతో కోయరు. చీలిక ఎప్పుడూ నార వెంటే పోతుంది. తిన్నని దుంగ దొరికితే గొడ్డలీ చీలలూ పెట్టి చీల్చి, ఆ తర్వాత చిత్రిక పట్టండి. చెక్క కొంత వృథా అవుతుంది, కానీ వంచేటప్పుడు విరగడం బాగా తగ్గుతుంది.

డిపోలో సాధారణంగా వెడల్పు పలకలు ముందు చూపిస్తారు. మీకు వెడల్పు అక్కర్లేదు. "అన్నా, తలుపులకు కాదు, వంచడానికి. నార తిన్నగా ఉన్నది కావాలి, పైవి నాలుగు తీసి చూస్తాను" అని చెప్పండి. చాలా డిపోల్లో తెలుగు నడుస్తుంది. సీఎఫ్‌టీ, అంటే ఘనపుటడుగుల లెక్కన అమ్ముతారు కనక కొలత మీ ఎదుటే వేయించుకుని, బిల్లు తప్పకుండా తీసుకోండి. గాలివానకు వీధిలో పడిన చెట్టును అలా తెచ్చేసుకోవద్దు, అది మీ సొత్తు కాదు.

కాగితంతో నమూనా

బొమ్మ గీసుకుని మొదలుపెడితే చెక్క చేయలేని ఒంపులు గీసేస్తాం. కాగితం అలా మోసం చేయదు. మందపాటి చార్ట్ పేపర్‌ను 6 మిల్లీమీటర్ల వెడల్పు, 36 సెంటీమీటర్ల పొడవు పట్టీలుగా కత్తిరించండి. మన బద్దకు ఇది ఐదో వంతు. ఈ పట్టీ ముఖం వైపు సులువుగా వంగుతుంది, మెలి కూడా తిరుగుతుంది. బల్ల మీద పరిచి అంచు వైపుకు వంచబోతే మాత్రం ముడతపడి లేస్తుంది. చెక్క బద్ద స్వభావమూ ఇదే. కాగితం పట్టీ ఇష్టంగా తీసుకునే ఆకారం ఏదైనా బద్ద తీసుకుంటుంది, కాగితం మొరాయిస్తే చెక్క విరుగుతుంది. ఎటు పడితే అటు వంగాలంటే బద్ద బదులు చదరపు లేదా గుండ్రటి కర్ర వాడాలి.

కాగితపు పట్టీలను ఒక అట్టముక్కకు గుచ్చి, వంచి, మెలితిప్పి, రోజులో రకరకాల వేళల్లో దూరం నుంచి చూడండి. పట్టీల మధ్య ఖాళీ ఎలా ఉందో కూడా చూడాలి. ఈ శిల్పంలో చెక్క ఎంత ముఖ్యమో చెక్కల నడుమ ఖాళీ అంత ముఖ్యం. నచ్చిన నమూనాలో ప్రతి ఒంపునూ 8 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న డబ్బాతో పోల్చండి. డబ్బా కన్నా ఇరుకుగా ఉన్న ఒంపును విప్పండి. అసలు కొలతలో ఆ డబ్బా ఒంపు 200 మిల్లీమీటర్ల వ్యాసార్ధం అవుతుంది. 8 మిల్లీమీటర్ల బద్ద పట్టా సాయం లేకుండా ధైర్యంగా తీసుకోగల ఒంపు అది.

పాత తరం శిల్పుల పని చూడాలనుకుంటే 1941లో పుట్టిన అమెరికా శిల్పి మార్టిన్ ప్యూర్యర్ చేసిన ఒంపుల్ని ఫొటోల్లోనైనా చూడండి. యువకుడిగా సియెర్రా లియోన్‌లో ఉన్నప్పుడు అక్కడి వడ్రంగుల దగ్గర చేతిపనిముట్లతో పని నేర్చుకున్నాడాయన. పడవలు, బుట్టలు, కుర్చీలు చేసే నేర్పునే శిల్పంలోకి తెచ్చాడు.

ఆవిరి పెట్టె

ఏడడుగుల పొడవు, లోపల 5 అంగుళాల వెడల్పు, 5 అంగుళాల ఎత్తు. మరిగే నీళ్లకు తట్టుకునే 19 మిల్లీమీటర్ల బీడబ్ల్యూపీ ప్లైవుడ్ వాడండి, అంటే ఐఎస్ 710 ముద్ర ఉన్నది. మామూలు కమర్షియల్ ప్లై నాలుగు ఆవిర్లకే పొరలు ఊడుతుంది. ప్లంబింగ్ షాపులో దొరికే పీవీసీ పైపు చవకే, కానీ 80 డిగ్రీలకే మెత్తబడి అరటిదవ్వలా వంగిపోతుంది, దాని జోలికి పోవద్దు. మూలల్లో స్టెయిన్‌లెస్ మరలు బిగించండి.

లోపల ప్రతి అడుగుకూ ఒక అడ్డపుల్ల గుచ్చండి. బద్దలు వాటి మీద ఆనాలి, చుట్టూ ఆవిరి తిరగాలి. పెట్టెను ఒకవైపు కొంచెం వాల్చి, పల్లపు చివర అడుగున వేలెడు రంధ్రం పెడితే నీళ్లు కారిపోతాయి. ఆవిరి ట్యూబు నడి మధ్యలో కలపండి. థర్మామీటర్ కోసం ఆ చివర, ఈ చివర ఒక్కో రంధ్రం వేయండి. తలుపుకు పాత దుప్పటి ముక్క కుక్కినా చాలు. పెట్టెను ఎప్పుడూ గాలి చొరకుండా మూయకండి. ఆవిరి ఒకవైపు నుంచి మెల్లగా పోతూనే ఉండాలి, ఒత్తిడి మనకు అక్కర్లేదు.

ఆవిరికి వాల్‌పేపర్ స్టీమర్, అంటే గోడ కాగితాన్ని ఊడదీయడానికి ఆవిరి పట్టే యంత్రం మంచిది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. 2 కిలోవాట్ల హీటర్ గంటకు దాదాపు 3 లీటర్ల నీళ్లను ఆవిరి చేస్తుంది, ఈ పెట్టెకు సరిపోతుంది. 16 ఆంప్స్ సాకెట్‌లోనే పెట్టండి. బోరు నీళ్లు పోస్తే కొద్ది రోజులకే హీటర్ మీద తెల్లటి పెచ్చు కడుతుంది, కావేరీ నీళ్లో ఆర్వో నీళ్లో పోయండి. ప్రెషర్ కుక్కర్ వెయిట్ తీసేసి ట్యూబు తగిలించే పద్ధతి కొందరు చెబుతారు. నేను వద్దంటాను. ట్యూబు ఎక్కడైనా మడతపడితే కుక్కర్‌లో ఒత్తిడి పెరిగిపోతుంది, పక్కనే ముఖం పెట్టుకుని పని చేసేది మనమే.

బెంగళూరు వాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకోటి ఉంది. ఈ ఊరు సముద్రమట్టానికి దాదాపు 920 మీటర్ల ఎత్తున ఉంది, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. చెన్నైలో 100 డిగ్రీలకు. పుస్తకాల్లో రాసిన సమయాలన్నీ సముద్రమట్టం లెక్కలే కనక ఇక్కడ కొంత అదనం ఇవ్వాలి. పెట్టె రెండు చివరలా 95 దాటాకే సమయం లెక్కపెట్టడం మొదలుపెట్టండి.

అచ్చు, పట్టా

మొదటి పనికి పెద్ద అచ్చు అవసరం లేదు. ఎనిమిది అడుగులకు నాలుగు అడుగుల ప్లైవుడ్ షీటు నేల మీద పరిచి, నమూనాలోని ఒంపును సుద్దతో అసలు కొలతలో గీయండి. గీత లోపలి వైపు ప్రతి నాలుగు అంగుళాలకూ ఒక చెక్కదిమ్మ మరలతో బిగించండి. దిమ్మల మూలలు గుండ్రంగా ఉండాలి, లేకపోతే మెత్తబడ్డ బద్దలో గుంటలు పడతాయి. బద్ద విడిపించాక కొంచెం వెనక్కి లేస్తుంది, కాబట్టి అచ్చును కావలసిన దానికన్నా కాస్త ఎక్కువ ఒంపుతో చేయండి. ఎంత ఎక్కువ అన్నది మీ కలపతో చేసిన పరీక్ష ముక్కే చెబుతుంది. ఆ ముక్క అచ్చులో ఎంత ఉందో, ఆరాక ఎంత మిగిలిందో కొలిచి రాసుకోండి.

మెలి కోసం నేల మీది అచ్చు చాలదు. స్లాటెడ్ యాంగిల్‌తో, అంటే వరుసగా రంధ్రాలున్న ఇనుప పట్టీలతో ఒక చట్రం కట్టి, ఎత్తులో అక్కడక్కడా బద్దను పట్టి బిగించే క్లాంపులు వేలాడదీయండి. ఎస్‌జేపీ రోడ్డులో యాంగిల్, నట్లు, క్లాంపులు ఒకే వరుసలో కొనుక్కోవచ్చు. క్లాంపులు ఎన్ని ఉన్నా చాలవు, కొన్నప్పుడల్లా రెండు ఎక్కువ కొనండి.

8 మిల్లీమీటర్ల బద్దకు, 200 మిల్లీమీటర్ల ఒంపుకు పట్టా లేకపోయినా జరుగుతుంది. మందం పెరిగినా, ఒంపు ఇరుకైనా తప్పనిసరి. యూరప్ యాష్‌లో 25 మిల్లీమీటర్ల మందం బద్ద పట్టా లేకుండా సుమారు 300 మిల్లీమీటర్ల వ్యాసార్ధానికి వంగుతుంది, పట్టాతో దాదాపు 65 మిల్లీమీటర్లకు. ఇంత తేడా తెచ్చే పనిముట్టు చేయడం పెద్ద కష్టం కాదు. 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల మందం స్టెయిన్‌లెస్ పట్టా తీసుకుని, రెండు చివరలా గట్టి చెక్క దిమ్మలు బోల్టులతో బిగించండి. దిమ్మల మధ్య దూరం బద్ద పొడవుకు సరిగ్గా సరిపోవాలి. సందు ఉంటే సన్నటి చీలలు కొట్టి బిగించండి. వంచే కొద్దీ ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది కనక మధ్యలో ఒక చీలను కొంచెం వదులు చేసే వీలు ఉండాలి.

మామూలు ఇనుము మాత్రం చెక్కకు నేరుగా తగలనివ్వకండి. ఓక్, టేకు, తుమ్మ లాంటి వగరు ఉన్న కలపకు తడిలో ఇనుము తగిలితే నల్లటి మరకలు పడతాయి, చిత్రిక పట్టినా లోతుగా ఉంటాయి. క్లాంపుల కింద చెక్కముక్కో పాలిథిన్ కాగితమో పెట్టండి.

వంచే రోజు

ఇద్దరు మనుషులు ఉండాలి. ఒక్కరే చేయడం కుదరని పని ఇది. ముందు అసలు బద్దతో కాకుండా ఒక ప్లాస్టిక్ పట్టీతో మొత్తం రిహార్సల్ చేయండి: పెట్టె తలుపు ఎవరు తీస్తారు, ఏ చివర ఎవరు పట్టుకుంటారు, మొదటి క్లాంపు ఎక్కడ పడుతుంది. క్లాంపులన్నీ నోళ్లు తెరిచి, సరైన చోట పడి ఉండాలి. మా షెడ్‌లో పని చేసే పెద్దాచారి, మదనపల్లె వైపు ఆయన, ఈ రిహార్సల్ మూడుసార్లు అయ్యేదాకా స్విచ్ వేయనివ్వడు. "టెన్షన్ ఇప్పుడే పడండి నాయనా, ఆవిరి వచ్చాక పడితే కర్ర వినదు" అంటాడు.

అంగుళం మందానికి గంట ఆవిరి అన్నది ఎప్పటి నుంచో ఉన్న లెక్క. దాని ప్రకారం 8 మిల్లీమీటర్లకు 20 నిమిషాలు. బెంగళూరు ఎత్తుకు పది నిమిషాలు కలిపి 30 ఇవ్వండి. ఇంకా ఎక్కువ ఉంచితే ఇంకా మెత్తబడుతుంది అనుకోవద్దు. గంటల తరబడి ఉంచిన చెక్కలో లోపలి వైపు ముడతలు లేస్తాయి. బద్దల్ని ఐదు నిమిషాల తేడాతో ఒక్కొక్కటిగా లోపల పెట్టండి, అప్పుడు ఒకటి బిగించేలోపు ఇంకొకటి సిద్ధమవుతుంది. ఏది ఎప్పుడు పెట్టారో తలుపు మీద సుద్దతో రాయండి.

సమయం అయ్యాక స్టీమర్ ఆపి, పక్కన నిలబడి తలుపు తీయండి. ఆవిరి ముందుకు, పైకి కొడుతుంది, ముఖం ఎదురుగా ఉండకూడదు. మోచేతుల దాకా వచ్చే తోలు గ్లవ్స్ వేసుకోండి. పెట్టె నుంచి అచ్చు దాకా రెండు మూడు అంగల దూరమే ఉండాలి. సన్నటి బద్ద బయటికి వచ్చిన క్షణం నుంచీ చల్లారుతూనే ఉంటుంది. అర నిమిషంలో మొదటి ఒంపు పడిపోవాలి. ఒక చివర క్లాంపు వేసి, అక్కడి నుంచి అచ్చు వెంట ఆగకుండా, గుంజకుండా, ఒకే వేగంతో తీసుకుపోండి. మధ్యలో ఆగితే అక్కడ కోణం పడుతుంది. చేతికి గట్టిగా ఎదురు తన్నడం మొదలైతే ఆపండి, అక్కడితో ఉన్నదాన్ని బిగించండి. బలవంతం చేస్తే ఆ బద్ద పోతుంది.

మెలి తిప్పే బద్దలకు ఇంకో మంచి పద్ధతి ఉంది, పడవలు కట్టేవాళ్లు వాడేది. ప్యాకింగ్‌కు వాడే మందపాటి పాలిథిన్ గొట్టాన్ని బద్దకు తొడిగి, ఒక చివర ఆవిరి ట్యూబు దూర్చి, రెండో చివర వదులుగా వదిలేస్తారు. బద్ద చట్రం మీదే ఉండి మెత్తబడుతుంది. గొట్టం తీయకుండానే వంచుతూ, మెలితిప్పుతూ, క్లాంపులు పాలిథిన్ మీదే బిగిస్తూ పోవచ్చు. హడావిడి ఉండదు. శిల్పానికి నేను దీన్నే ఎక్కువ ఇష్టపడతాను, ఎందుకంటే బద్ద వేడిగా ఉన్నంతసేపూ దూరం జరిగి చూసి, ఒంపు సరిచేసే వీలుంటుంది.

విరిగిన బద్దను చదవడం

కొన్ని విరుగుతాయి. వాటిని పారేయకుండా వరుసగా పెట్టి చూడండి, ఒక్కో విరుపు ఒక్కో సంగతి చెబుతుంది.

బయటి వైపు పొర పైకి లేచి, చీలిక పొడవుగా పాకితే నార ఏటవాలుగా ఉందన్న మాట. పట్టా పెట్టినా ఆ బద్దకు లాభం లేదు, తిన్నని నార ఉన్నది తీసుకోండి. బయటి వైపే, నార తిన్నగా ఉన్నా, పొట్టి పీచులతో చిట్లితే అక్కడ సాగుడు ఎక్కువైంది. పట్టా పెట్టాలి, లేదా ఒంపు విప్పాలి. పీచు లేకుండా అడ్డంగా, బిస్కెట్ విరిగినట్టు ఠప్పున తెగితే కలప బట్టీలో ఎండిందైనా కావాలి, ఆవిరి చాలనిదైనా కావాలి. లోపలి వైపు అడ్డంగా మడతలు పడితే తేమ ఎక్కువైంది లేదా ఆవిరి ఎక్కువైంది. పట్టాలో బద్దను మరీ బిగించినా ఇలాగే అవుతుంది. సన్నటి మడతలైతే చిత్రికతో పోతాయి, లోతైనవి అలాగే ఉండిపోతాయి.

చిట్లడం మొదలైన క్షణంలో చూస్తే ఒక్కోసారి కాపాడవచ్చు. లేచిన పీచు మీద వెంటనే ఒక క్లాంపు వేసి, ఆరాక దాని కింద ఎపాక్సీ జిగురు ఎక్కించి బిగిస్తే కనపడదు.

ఆరనివ్వడం

బద్దను కనీసం ఒక రాత్రి అచ్చులోనే వదిలేయండి. మర్నాడు తీసి, అదే ఒంపులో ఉండేలా తాడుతో కట్టి, నీడలో గాలి తగిలే చోట పెట్టండి. ఎండలో పెడితే చివరలు పగులుతాయి. 8 మిల్లీమీటర్ల బద్దకు మార్చిలో వారం చాలు, జూలైలో ముసురు పట్టినప్పుడు రెండు మూడు వారాలైనా ఆశ్చర్యం లేదు. కిచెన్ తూకం మీద రోజూ తూచి రాయండి. బరువు తగ్గడం ఆగిపోయిన రోజు ఆరినట్టు. అంతకుముందు తాడు విప్పితే ఒంపు విప్పుకుంటుంది.

ఇరుకు ఒంపులకు పొరల పద్ధతి

ఒక్కోచోట 8 మిల్లీమీటర్ల బద్ద ఇవ్వలేని ఒంపు కావాలి. అప్పుడు 2 మిల్లీమీటర్ల పొరలు నాలుగు కోసి, జిగురు రాసి, అచ్చులో కలిపి బిగించండి. పుస్తకాన్ని వంచితే పేజీలు ఒకదాని మీద ఒకటి జారినట్టు, జిగురు తడిగా ఉన్నంతసేపూ పొరలు జారుతాయి, ఏ పొరా సాగాల్సిన పని లేదు. జిగురు గట్టిపడ్డాక జారలేవు, ఒంపు నిలిచిపోతుంది. వెనక్కి లేవడం కూడా చాలా తక్కువ. పొరల సంఖ్యను దాంతోనే గుణించి, వచ్చినదాంతో ఒంపు లోతును భాగిస్తే ఎంత వెనక్కి లేస్తుందో ఉజ్జాయింపుగా దొరుకుతుంది: నాలుగు పొరలకు పదహారో వంతు, ఎనిమిదికి అరవై నాలుగో వంతు. ఐర్లండ్‌లో జోసెఫ్ వాల్ష్ చేసే భారీ ఒంపులు ఇలాంటి పొరల పనే.

ఇక్కడ ఆరిన చెక్కే కావాలి, తేమ 12 శాతం దాటకూడదు. మామూలు తెల్ల జిగురు ఎప్పుడూ ఒత్తిడిలో ఉండే ఒంపుకు నమ్మకం కాదు, అది ఏళ్ల మీద మెల్లగా జారుతుంది. ఎపాక్సీ గానీ యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు గానీ వాడండి. టేకు అయితే అంటించే ముందు అసిటోన్‌తో తుడవాలి, లేకపోతే దాని నూనె జిగురును పట్టనివ్వదు. అచ్చుకు పాలిథిన్ చుట్టడం మరిచిపోవద్దు.

నిజం చెప్పాలంటే ఆవిరి బద్దల అందం పొరల బద్దకు రాదు. అంచులో జిగురు గీతలు కనిపిస్తూనే ఉంటాయి. అవసరమైన చోటే వాడతాను.

కూర్చడం, నిలబెట్టడం

ఆరిన బద్దలకు అంచులు చిత్రికతో కొంచెం గుండ్రం చేసి, 120 నంబరు ఉప్పు కాగితంతో మొదలుపెట్టి 240 దాకా రుద్దండి. నార వెంటే రుద్దాలి. దుమ్ముకు మాస్క్ తప్పదు.

దిమ్మకు టేకో, బరువైన ఇంకేదైనా చెక్కో తీసుకోండి. అడుగున్నర చదరం, మూడు అంగుళాల మందం ఉంటే ఐదు బద్దలకు నిలకడ వస్తుంది. ప్రతి బద్ద కాలికి అది లేచే కోణంలోనే ఉలితో రెండు అంగుళాల లోతు గాడి తీయండి. ముందు జిగురు లేకుండా ఐదింటినీ నిలబెట్టి, చుట్టూ తిరిగి చూడండి. నమూనాకు, దీనికి తేడా తప్పకుండా ఉంటుంది. ప్రతి బద్దా తన ఇష్టం కొంత కలుపుకుని వస్తుంది. నమూనాకు సరిపెట్టాలని వాటిని గుంజి కట్టకండి, కాలి గాడిని కొంచెం తిప్పి కొత్త అమరిక వెతకండి. గుంజి కట్టిన శిల్పం ఏ వానకాలమో అతుకు దగ్గర ఊడుతుంది. తాకే చోట్ల 4 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ బోల్టు, లేదా చెక్క చీల. పొడవు చాలకపోతే మందానికి ఎనిమిది రెట్ల ఏటవాలు అతుకు వేయండి, 8 మిల్లీమీటర్లకు 64 మిల్లీమీటర్లు. ఆ అతుకును ఒంపు తక్కువ ఉన్న చోటికి జరపండి.

పైపూతకు కాచిన అవిసె నూనె నాకు నచ్చుతుంది, నార లోతు కనిపిస్తుంది. సన్నగా పూసి, పావుగంటకు తుడిచి, రోజు ఆగి మళ్లీ పూయండి. మూడు పూతలు చాలు. ఆ నూనె గుడ్డల్ని ముద్దగా చుట్టి మూలన పడేయకండి. వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్లలో ముంచి, విప్పి, ఆరుబయట పరిచి ఆరాక పారేయండి. యాష్, బీచ్ లాంటి లేత రంగు కలపను చెక్క తొలిచే పురుగులు, చెదలు ఇష్టంగా తింటాయి, నూనె పూసే ముందే బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లు పట్టించి ఆరబెట్టాలి.

ఆవిరితో వంచిన శిల్పాన్ని ఆరుబయట పెట్టమని ఎవరు అడిగినా ఒప్పుకోకండి. ఎండా వానా మార్చి మార్చి తగిలితే ఒంపు మెల్లగా విప్పుకుంటుంది. వరండాలో, వాన జల్లు కొట్టని చోట టేకు అయితే ఉంటుంది. ఎవరికైనా అమ్మినా, ఇచ్చినా మొదటి వానకాలం దాటాక ఒకసారి వెళ్లి బోల్టులు చూసి రండి. చెక్క ఉబ్బి తగ్గడం వల్ల కొన్ని వదులవుతాయి, పావు చుట్టు బిగిస్తే సరిపోతుంది.